రాతిఈగకు రెండు పేర్లు

లోకంలో పురుగులు చేసే చప్పుడు కంటే పురుగులకు పేర్లు పెట్టేవాళ్లు చేసే చప్పుడే ఎక్కువ. ఈ సంగతి రాళ్లమ్మకు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే తెలిసిపోయింది. తెలిసి కూడా ఆ చప్పుడు చేసేవాళ్లలో ఒకణ్ణి ఏరి కోరి పెళ్లాడింది. ఎంత తెలివిగల మనిషికైనా ఎక్కడో ఒకచోట కళ్లు మూసుకుపోతాయి. ఆమెకు అక్కడ మూసుకుపోయాయి.

రాళ్లమ్మ అన్నది ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. మ్యూజియంలో అటెండర్లు పెట్టిన పేరది. మోకాళ్లదాకా చల్లటి నీళ్లలో దిగి, వాగులో రాళ్లు ఒక్కొక్కటే తిరగేసి, అడుగున ఏం అతుక్కుని ఉందో చూసి, రాయిని మళ్లీ ఎలా ఉన్నది అలా బోర్లించి వచ్చేది. ఆమె వెతికేది రాతిఈగల కోసం. పేరులో ఈగ ఉంది గానీ అది ఈగ కాదు. రెండు తోకలున్న పిల్లపురుగుగా ఏడాదో రెండేళ్లో రాయి కింద, పారే నీళ్లలో బతుకుతుంది. ఆ తర్వాత ఒకనాడు రాయెక్కి, వీపు చీల్చుకుని, రెక్కలతో బయటికొస్తుంది. వచ్చాక దాని బతుకు కొన్నాళ్లే. నీళ్లలో కాస్త మురికి చేరినా, నీళ్లు కాస్త వెచ్చబడినా అందరికంటే ముందు చచ్చేది అదే. అందుకని దాని మీద రాళ్లమ్మకు గౌరవం. సర్దుకుపోవడం చేతకాని జీవిని చూస్తే ఆమెకు మనసు కుదుటపడేది. మనుషుల్లో అలాంటివాళ్లు తండ్రి తర్వాత ఆమెకు తగల్లేదు.

ఆ తండ్రి చేతిగడియారాలు బాగుచేసేవాడు. బస్టాండు ఎదురుగా, ఒకడు కూర్చుంటే ఇంకొకడు నిలబడటానికి చోటు లేని కొట్టు. కంటికి భూతద్దం తగిలించుకుని గడియారం మూత తీశాడంటే, మళ్లీ మూత పెట్టేదాకా పిలిచినా పలికేవాడు కాదు. ఆగిపోయిన గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట. “ఊపితే నడుస్తుంది, ఊపడం ఆపితే ఆగుతుంది. దాన్ని రిపేరంటారా?” అని మొహం మీదే అడిగేవాడు. అందుకే బేరాలు అంతంతమాత్రం. కూతురికి ఆయన ఇచ్చిన ఆస్తి వణకని వేళ్లు, ఊపేవాళ్లంటే అసహ్యం. మొదటిది ఉద్యోగానికి పనికొచ్చింది. రెండోది కాపురానికి అడ్డొచ్చింది.

మొగుడు అదే మ్యూజియంలో, అదే విభాగంలో, ఆమెకంటే ఒక మెట్టు పైన. వెనకాల అందరూ ఆయన్ని పేర్లాయన అనేవాళ్లు. వయసులో ఉన్నప్పుడు మంచి మాటకారి. పెళ్లికి ముందు ఒకసారి వాగులోంచి ఆమె బకెట్టు అందుకుని గట్టు మీదికి మోశాడు. దానికే పడిపోయింది మహాతల్లి. ఆ తర్వాత ఆయన ఏ బకెట్టూ మొయ్యలేదు. వాగు దాకా వస్తే ప్యాంటు తడవకుండా గట్టు మీదే నిలబడి, నీళ్లు ఎంత స్వచ్ఛంగా ఉన్నాయో ఉపన్యాసమిచ్చేవాడు. ఆ నీళ్లలో భార్య కాళ్లు కొంకర్లు పోతున్న సంగతి ఉపన్యాసంలో ఉండేది కాదు.

కొత్తజాతి దొరికిందని చెప్పడం మాటలతో అయ్యే పని కాదు. రాతిఈగలన్నీ పైకి ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. ఏది ఏ జాతో చెప్పేది మగదాని తోక కొస. దాన్ని కత్తిరించి, కాస్టిక్ నీళ్లలో నానబెట్టి, కండంతా కరిగి గట్టి భాగాలు మాత్రమే మిగిలాక, పైనుంచీ కిందనుంచీ పక్కనుంచీ మైక్రోస్కోపు కింద చూసి బొమ్మ గియ్యాలి. ఇంతకుముందు పేరుపడ్డ ప్రతి జాతితోనూ పోల్చాలి. రాళ్లమ్మ ఒక్కో పురుగుకు నెలలు తీసుకునేది. పేర్లాయనకు ఒక మధ్యాహ్నం చాలు. సీసాను వెలుతురుకి ఎత్తి పట్టి చూసి, “గోధుమ రంగు, మధ్యస్థమైన పొడవు” అని రాసేవాడు. బతికున్నప్పుడు ఆ పురుగు నల్లగా నిగనిగలాడుతుందనీ, గోధుమ రంగు స్పిరిట్‌లో నానినందువల్ల వచ్చిందనీ ఆయనకు తెలియదు. తెలిసినవాళ్లను అడగడం నామోషీ.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆయన ముందు పేరు ఖాయం చేసుకుని, ఆ పేరు తగిలించడానికి పురుగు కోసం వెతికేవాడు. ఉన్న డైరెక్టరు పేరు ఒకదానికి, అంతకుముందు డైరెక్టరు పేరు ఇంకోదానికి. జీతాల విభాగం పెద్దకు ఒకటి. మైక్రోస్కోపు దానమిచ్చిన పెద్దమనిషికి ఒకటి, ఆయన భార్య అలిగిందని విని ఆమెకూ ఒకటి. రాయి తిప్పితే చాలు, అడుగున ఒక అధికారి కనిపించే పరిస్థితి వచ్చింది.

“దాని తోక చూశారా?” అని అన్నం తినేటప్పుడు రాళ్లమ్మ అడిగేది.

“చూశాను.”

“ఏ వైపు నుంచి?”

పేర్లాయన మజ్జిగ తాగేసి చెయ్యి కడుక్కోవడానికి లేచేవాడు.

ఎవరి పేరు వాళ్లే పెట్టుకోకూడదన్నది ఈ వృత్తిలో మర్యాద. అయితే ఆ మర్యాదకు ఒక దొడ్డిదారి ఉంది. ఏ పుస్తకంలో ఆ పురుగు పేరు రాసినా, వెనకాలే ఆ పేరు పెట్టినవాడి పేరు కూడా రాస్తారు. పురుగు లోకంలోంచి మాయమైపోయినా సరే, పుస్తకాలున్నంతకాలం ఆ రెండు పేర్లూ జంటగా ఉంటాయి. పేర్లాయన బతుకంతా ఆ వెనకాల చోటు కోసమే.

రాళ్లమ్మకు అలాంటి చోటు ఒక్కటి కావాలని ఉండేది. ఒక్కటే. ఆమెకు సిగ్గనిపించేటంత గాఢంగా ఉండేది ఆ కోరిక. ఊరికి నీళ్లిచ్చే పంపుహౌసు పైన, గుట్ట ఎక్కితే ఒక సన్నటి పాయ ఉంది. దాంట్లో ఎవరూ ఎరగని రాతిఈగ ఒకటి ఆమె కంటపడింది. మగది చిన్నది, పొట్టి రెక్కలు, ఎగరలేదు. ఆడది దాదాపు రెండింతలు, రెక్కలు తోక దాటి పోతాయి. రెండూ ఒకే జాతి అని ఆమె మనసు చెప్పింది. మనసు చెప్పినదాన్ని అచ్చులో పెట్టే అలవాటు ఆమెకు లేదు. అందుకని పిల్లపురుగుల్ని తెచ్చి ఇంట్లోనే పెంచి, ఏ పిల్లలోంచి ఏది వస్తుందో కళ్లారా చూడాలనుకుంది. గుడ్డు, పిల్ల, మగ, ఆడ అన్నీ కలిపి, ఒక జీవి మొత్తం బతుకును లోకానికి పరిచయం చెయ్యాలి. అడుగున తన సంతకం ఉండాలి.

ఇంట్లో ఫ్రిజ్ సగం పురుగులది. ప్లాస్టిక్ డబ్బాల్లో పాయ నీళ్లు, గులకరాళ్లు, గాలి బుడగలు వదిలే చిన్న మోటారు.

“పాలగిన్నె పక్కన పురుగులేమిటే అమ్మాయ్?” అని అత్తగారు సణిగేది.

“అవి పాలు తాగవు అత్తయ్యగారూ.”

“తాగేవాళ్లకు చూస్తే తాగబుద్ధి కాదు కదా.”

ఈ జాతి ఏడాదికి ఒక్కసారే రెక్కలు తొడుగుతుంది. ఒక ఏడు కరెంటు పోయి, నీళ్లు వెచ్చబడి, అన్నీ తేలిపోయాయి. మరో ఏడు మగవి వచ్చాయి, ఆడవి రాలేదు. పాయ దగ్గర పట్టుకున్న రెక్కలొచ్చిన పురుగుల్ని మాత్రం మగవి ఒక సీసాలో, ఆడవి ఇంకో సీసాలో స్పిరిట్ పోసి మ్యూజియంలో తన అరలో పెట్టింది. చీటీ మీద చోటు, తేదీ రాసింది. ఊహ రాయలేదు.

“నీ పురుగులు ముసలివైపోతున్నాయోయ్,” అని పేర్లాయన వెక్కిరించేవాడు. “నువ్వు పేరు పెట్టేలోపు అవి మనవల్ని ఎత్తుతాయి.”

అలా ఉండగా రాళ్లమ్మ అక్కకు ఆపరేషన్ అయింది. పథ్యాలు, మందులు చూసే దిక్కులేక చెల్లెల్ని పిలిపించుకుంది. రాళ్లమ్మ సెలవు పెట్టి వెళ్లింది. వెళ్లే ముందు డబ్బాల్లో నీళ్లు ఎలా మార్చాలో అత్తగారికి చెప్పింది. అరకు తాళం వెయ్యాలన్న ఆలోచన రాలేదు. దొంగ బయటినుంచి వస్తాడనే కదా ఎవరైనా అనుకునేది.

అక్క నాలుగడుగులు వెయ్యగలిగాక రాళ్లమ్మ తిరిగొచ్చింది. మ్యూజియంలో అడుగుపెట్టగానే అటెండరు పళ్లికిలించి, “అందరూ మీటింగు హాల్లో మీకోసమే చూస్తున్నారు మేడం,” అన్నాడు. హాల్లో కుర్చీలు వేసి ఉన్నాయి. డైరెక్టరు గారు వేదిక మీద ఉన్నారు. ఆయన ఏ పురుగునూ గుర్తుపట్టలేరు గానీ ఏ కెమెరానైనా దూరంనుంచే గుర్తుపడతారు. పక్కన పేర్లాయన, కొత్త చొక్కా, చేతిలో మ్యూజియం సొంతంగా అచ్చువేసే పత్రిక, కొత్త సంచిక.

“పంపుహౌసు పైనున్న పాయలో రెండు కొత్తజాతులు,” అని పేర్లాయన గొంతు సవరించుకున్నాడు. “పొట్టిరెక్కల జాతికి మన డైరెక్టరు గారి పేరు పెట్టుకున్నాను. పొడుగురెక్కల జాతికి, ఇన్నేళ్లుగా నాకు చేదోడువాదోడుగా ఉన్న నా సహధర్మచారిణి పేరు.”

చప్పట్లు మోగాయి. డైరెక్టరు గారు చిరునవ్వుతో పొట్టిరెక్కల గౌరవాన్ని స్వీకరించారు. రాళ్లమ్మ పత్రిక తెరిచి చూసింది. ఆమె సీసాలు. ఆమె చీటీలు. “గోధుమ రంగు, మధ్యస్థమైన పొడవు.” మగదీ ఆడదీ రెండు వేర్వేరు జాతులట. మొగుణ్ణీ పెళ్లాన్నీ చూసి, ఎత్తులో తేడా ఉంది కాబట్టి వీళ్లు రెండు వేర్వేరు జంతువులని తేల్చినట్టుంది. అందులోనూ ఆడదాని తోక కొస సీసా మూత కింద పడి నలిగిపోయింది. బొమ్మలో ఆ నలుగుడును కూడా భక్తిగా గీసి, అది ఈ జాతి ప్రత్యేక లక్షణమని రాశాడు.

సొమ్మొకడిది సోకొకడిది అని వినడమే గానీ, ఆ సొమ్మునే కొట్టేసి, చుట్టి, సొంతదారుకే బహుమతిగా ఇచ్చే ఘనుణ్ణి ఆమె అప్పటిదాకా చూడలేదు. చూడటమేమిటి, కాపురమే చేసింది.

ఇంటికొచ్చాక అడిగింది. “ఆ సీసాలు ఎవరినడిగి తీశారు?”

“మన మధ్య నీదీ నాదీ ఏమిటోయ్?” పేర్లాయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. “నీ పేరు శాశ్వతం చేశాను. ఇంకో ఆడదైతే సంతోషంతో ఏడ్చేది.”

“వాటి గురించి రాయాల్సింది నేనని తెలుసు కదా మీకు.”

“ఎప్పుడు రాస్తావు? నువ్వు కూర్చుని ఉంటే ఇంకెవడో వచ్చి పట్టుకుపోయేవాడు. అంతకంటే నేను నయం కాదూ?”

అత్తగారు వంటింటి గుమ్మంలోంచి విని, “పురుక్కి పెళ్లాం పేరు పెట్టాడా?” అంది. “చిన్నప్పట్నుంచీ వీడింతే. ఎవరి చేతిలోది లాక్కుంటాడో వాళ్లకే తిరిగిచ్చి, ముద్దు పెట్టమంటాడు.”

ఇంట్లో తెలివిగా మాట్లాడిన మనిషి ఆ ముసలావిడ ఒక్కతే.

రాళ్లమ్మ ఆ రోజు కోపంతో కంచం ముందునుంచి లేచిపోయింది. ఎవరికి చెప్పుకోవాలి? అచ్చయిన పేరు అచ్చయినట్టే. దొంగిలించిన సీసాలోంచి వచ్చినా, వర్ణన చెత్తదైనా, ముందు అచ్చయినదే చెల్లుతుందని ఈ వృత్తి నియమం. ఇకమీదట ఆ పురుగును తాను ఎంత గొప్పగా వర్ణించినా, పేరు వెనకాల వచ్చేది మొగుడి పేరే. అంతకంటే చీదర సంగతి, ఆయన పేరు ముందు ఉన్నది తన పేరే. ముందు ఆమె, వెనక ఆయన, మధ్యలో ఒక నలిగిన తోక. చచ్చాక కూడా ఆ కాపురం తప్పేట్టు లేదు.

ఒక్క కిటికీ తెరిచి ఉంది. ఒకే వ్యాసంలో రెండు పేర్లు పెట్టి, తర్వాత ఆ రెండూ ఒకటే జాతి అని తేలితే, ఆ సంగతి మొదట అచ్చులో నిరూపించినవాళ్లదే అధికారం. రెంటిలో ఏ పేరు బతకాలో, ఏది చావాలో వాళ్లే చెప్పాలి. వాళ్లు చెప్పాక ఎవరూ మార్చడానికి లేదు. జాతి ఇక రాళ్లమ్మది కాదు. కానీ తన పేరును ఆ వర్ణన మీదినుంచి తీసి పారేసే హక్కు తనదవుతుంది. ఆమెకిక కావలసింది అదొక్కటే.

మళ్లీ పాయకు వెళ్లింది. మళ్లీ డబ్బాలు, మళ్లీ మోటారు. ఈసారి కరెంటు పోతే పెట్టడానికి ఐసు ముక్కలు కూడా. ఒకే తల్లి గుడ్లు తెచ్చి పెంచింది. తరువాతి సీజనుకు ఆ పిల్లల్లోంచే పొట్టిరెక్కల మగవీ పొడుగురెక్కల ఆడవీ బయటికొచ్చాయి. అది చాలు నిజానికి. ఆమెకు చాల్లేదు. రాతిఈగల్లో మగది కడుపుతో నేలను కొట్టి ఆడదాన్ని పిలుస్తుంది. ఒక్కో జాతిది ఒక్కో దరువు. తన జాతి దరువు వింటేనే ఆడది తిరిగి కొడుతుంది, ఇంకొకరిది వింటే ఉలకదు పలకదు. ఆమె వెనకగదిలో ఒకే బల్ల మీద రెండు అట్టపెట్టెలు పెట్టి, ఒకదాంట్లో మగదాన్నీ ఇంకోదాంట్లో ఆడదాన్నీ వదిలి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. మగది కొట్టింది. కాసేపటికి పక్క పెట్టెలోంచి జవాబొచ్చింది.

“ఏమిటే ఆ టకటకా? చెదపురుగులా?” అని అత్తగారు హాల్లోంచి అడిగింది.

“మొగుడు పిలుస్తున్నాడు, పెళ్లాం పలుకుతోంది అత్తయ్యగారూ.”

“పాపం, దానికింకా ఓపికుంది.”

రాళ్లమ్మ నవ్వింది. చాలాకాలానికి నవ్వింది.

వ్యాసం రాయడం మొదలుపెట్టిన రోజునే ఆమె నిర్ణయం అయిపోయింది. తన పేరు కొట్టేస్తుంది. డైరెక్టరు పేరు బతకనీ, ఆయన పేరు దేనిమీద ఉన్నా ఆ పురుక్కే నష్టం. ఆ నలిగిన తోక మీదా, ఆ గోధుమ రంగు మీదా తన పేరు మాత్రం ఉండకూడదు. మొగుడు నలుగురి ముందు ఇచ్చిన బహుమతిని నలుగురూ చదివేచోట తిప్పికొట్టాలి. ఆ దెబ్బ ఆయనకు తగలాలి. ఇన్నేళ్ల కాపురంలో తన అసహ్యం ఒక్కసారైనా ఆయనకు అందాలి.

ఈ వ్యాసం వాసన పేర్లాయనకు తగలకుండా ఉంటుందా? ఒక సాయంత్రం వెనకగది గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన విరమణ దగ్గరపడింది. పదవి పొడిగిస్తారా లేదా అన్నది డైరెక్టరు గారి చేతిలో ఉంది.

“రెండూ ఒకటే అంటున్నావట,” అన్నాడు.

“నేననడం లేదు. అవే అంటున్నాయి.”

“సరే, పొరపాట్లు పెద్దవాళ్లకే వస్తాయి. మరి ఏ పేరు ఉంచుతున్నావు?”

“మీకెందుకు?”

పేర్లాయన లోపలికొచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకున్నాడు. “చూడు, నీ పేరు నువ్వే ఉంచుకుంటే నలుగురూ స్వార్థం అంటారు. డైరెక్టరు గారి పేరు పోయిందంటే ఆయన నన్ను బతకనివ్వడు. పొడిగింపు సంగతి నీకు తెలుసు కదా. నీ పేరు తీసెయ్యవోయ్. నీకు ఇంకో పురుగు చూసి పెడతాను.”

మొహాన కొడదామని తీసిన చెప్పును ఈ మనిషి రెండు చేతులూ చాపి అడుగుతున్నాడు. మరుక్షణం ఆమెకు పంతం వచ్చింది. తన పేరే ఉంచితే? డైరెక్టరు మండిపడతాడు, పొడిగింపు పోతుంది, ఈయన ఇంట్లో కూర్చుంటాడు. అప్పుడు తగులుతుంది దెబ్బ. కానీ ఆ సుఖానికి ఖరీదు తాను ఆ తోకకు శాశ్వతంగా అంటుకుని ఉండటం, వెనకాల ఆయన పేరు తగిలించుకుని ప్రతి పుస్తకంలోనూ ఊరేగడం. మింగలేక కక్కలేక రెండ్రోజులు నలిగింది. ఆఖరికి తన పేరు మీదే గీత కొట్టింది. అయితే కారణం మాత్రం దాచలేదు. “మగదాని వర్ణన అధ్వాన్నం. ఆడదాని వర్ణన అంతకంటే అధ్వాన్నం. కనుక మొదటి పేరు ఉంచుతున్నాను,” అని రాసి పంపింది.

పత్రిక సంపాదకుడు మర్యాదస్తుడు. అచ్చులో ఆ మూడు వాక్యాలూ మాయమై, “మగ నమూనా ఆధారంగా ఏర్పడిన పేరును నిలపడమైనది,” అన్న ఒక్క ముక్క మిగిలింది. ఆమె ఆ పేజీ చూసి, ఈ లోకంలో తిట్టును కూడా స్పిరిట్‌లో నానబెట్టి రంగు పోగొట్టేదాకా వదలరని అనుకుంది.

డైరెక్టరు గారికి ఆ వ్యాసంలో అర్థమైంది ఒక్కటే. తన పేరు నిలిచింది, ఇంకెవరిదో పోయింది. అదీ పోటీలో నెగ్గి నిలిచింది. పొడిగింపు కాగితం మీద సంతకం పడింది. మీటింగు హాల్లో మళ్లీ కుర్చీలు వేశారు.

“మా ఆవిడ చేసిన త్యాగం మాటల్లో చెప్పలేను,” అన్నాడు పేర్లాయన మైకు ముందు. “నా కోసం తన పేరును తానే తన చేతులతో తుడిచేసుకుంది. రెండు జాతులని నేను అన్నది తప్పేనని ఒప్పుకుంటున్నాను. కానీ ఆ తప్పు చెయ్యకపోతే ఇలాంటి ఇల్లాలు ఉందని లోకానికి తెలిసేదా?”

హాలు హాలంతా కరిగిపోయింది. జీతాల విభాగం పెద్ద జేబురుమాలు తీశాడు. రాళ్లమ్మ మొదటి వరసలో కూర్చుని తన చెప్పుల వంక చూసుకుంది.

ఆ రాత్రి దాకా కూడా ఆగలేదు, రిక్షా దిగి ఇంటి మెట్లెక్కుతూనే అనేసింది. “మీకోసం చెయ్యలేదండీ. మీరు రాసినదాని మీద నా పేరు ఉండటం నాకు అసహ్యం. మీ పనంటే అసహ్యం. మీరు నా సీసాలు దొంగిలించారు. అది త్యాగం కాదు, కడుక్కోవడం.”

పేర్లాయన తాళంచెవి వెతుక్కుంటూ విన్నాడు. విని, ఆమె వంక ఎంతో ఆప్యాయంగా చూశాడు.

“నాకు తెలుసులేవోయ్,” అన్నాడు. “నీకు పొగడ్తలు గిట్టవు.”

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, కొరుకుడు పడుతోందా అని అడిగాడట. అసహ్యం కూడా ఒక రకంగా ఉత్తరం లాంటిదేనని, అవతలివాడికి చదవడం రాకపోతే రాసినవాళ్లకే శ్రమ అని ఆ మెట్ల మీద ఆమెకు తెలిసొచ్చింది. ఇన్నేళ్లుగా ఆమె రోజూ రాస్తూనే ఉంది.

ఎండలు ముదరకముందు మళ్లీ వాగులకు వెళ్లే కాలం వచ్చింది. ఆమె ఆ పాయ వైపు పోలేదు. గుట్టకు అవతల, రాతి పగుల్లోంచి నీళ్లు ఊరి జారే చోటు ఒకటుంది. అక్కడ, అరచెయ్యంత రాయి కింద, పిల్లపురుగు ఒకటి కనిపించింది. మెడ పక్కన తెల్లటి నూగు, కాళ్ల మీద ఆమె ఎక్కడా చూడని పొడుగు వెంట్రుకలు. భూతద్దంలో చూస్తుంటే ఆమె గుండె చిన్నపిల్ల గుండెలా కొట్టుకుంది. కాస్త అటూ ఇటూ వెతికితే ఇంకొన్ని దొరికాయి. నీళ్లతో సహా డబ్బాలో వేసి, తడిబట్ట చుట్టి, సంచి అడుగున పెట్టుకుని ఇంటికొచ్చింది.

పేర్లాయన వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. పొడిగింపు వచ్చాక కాస్త ఒళ్లు చేశాడు.

“ఏమోయ్, కొత్తవేమైనా దొరికాయా?”

రాళ్లమ్మ ఏ వాగులో ఏముందో ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. ఉన్నది లేదనీ లేనిది ఉందనీ చెప్పేవాళ్లను జీవితమంతా ఈసడించుకుంది. ఆ అబద్ధం ఒకసారి లెక్కల్లోకి ఎక్కితే ఎంత చేటో ఆమెకు తెలిసినంతగా ఆ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు.

“లేదండీ,” అంది. “ఖాళీ వాగు.”

పేర్లాయన నమ్మాడు. ఆమె మాట కాబట్టి మారు ప్రశ్న లేకుండా నమ్మాడు. “పోనీలే, వచ్చే ఏడు చూద్దాం,” అని పేపరు తిప్పాడు.

ఆమె వెనకగదిలోకి వెళ్లి, డబ్బా మూత తీసి, మోటారు గొట్టం లోపల పెట్టింది. బుడగలు మొదలయ్యాయి. చేతులు కడుక్కుంటుంటే తన మీద తనకే చీదరేసింది. వరండాలో ఉన్న ఆ మనిషిని చూస్తే ఎప్పుడూ కలిగేదే, అచ్చంగా అదే చీదర. తుడుచుకుని వెళ్లి గదికి లోపలినుంచి గడియ పెట్టింది.